నాన్న ఎంచిన స్కూలు

"ఇది కూడా వద్దు," అన్నాడు నాన్న, విమానం పొట్ట కింద నుంచి బయటికి వస్తూ.

బుజ్జికి ఏడుపొక్కటే తక్కువ. పదిరోజుల్లో నాలుగు ఊళ్ళు, నాలుగు ఫ్లయింగ్ స్కూళ్ళు. అన్నిటికీ ఏదో ఒక వంక.

"దీనికేమైంది నాన్నా?"

"ఇంజన్ కింద నూనె చూడు. టైర్లు అరిగిపోయాయి. ముందద్దం నిండా పురుగులు. ఊపిరాడనివ్వకుండా తిప్పుతున్నారమ్మా వీటిని."

పక్కనే నిలబడ్డ స్కూలు మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. నాన్న పట్టించుకోలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుని గేటు వైపు నడిచాడు.

బస్సు డిపోలో ముప్పై ఏళ్ళుగా మెకానిక్ ఆయన. చప్పుడు విని బండి జబ్బు చెప్పేస్తాడు కాబట్టి డిపోలో అందరూ డాక్టరుగారంటారు. రంగురంగుల కాగితాలు చూసి చేరి మోసపోయిన స్నేహితురాళ్ళ గతి తనకి పట్టకూడదని, బుజ్జే ఆయన్ని బతిమాలి వెంట తెచ్చుకుంది. ఇప్పుడేమో ఆయన పెదవి విరుపులే ఆమె కొంప ముంచేలా ఉన్నాయి.

రాతపరీక్షలన్నీ పాసైంది. ఇంకో ఏడాదిన్నరలో రెండొందల గంటలు విమానం నడిపితేనే లైసెన్సు. గడువు దాటితే పాసైనవి చెల్లవు, అంతా మళ్ళీ మొదటికొస్తుంది. రెండోసారి అప్పంటే బ్యాంకు గుమ్మం తొక్కనివ్వదు.

బస్సెక్కగానే అమ్మ ఫోను. రోజూ నాన్నకే చేస్తుంది.

"ఇంకా లేదు. చూస్తున్నాను. నువ్వు కాస్త ఎంగిలిపడు," అని పెట్టేశాడాయన.

"అమ్మ ఇవాళా తినలేదా?"

"మీ అన్న పోయాక ఎప్పుడు సరిగ్గా తింది గనక?"

అన్న బైకు మీద వెళ్ళి తిరిగి రాలేదు. మూడేళ్ళయింది. బుజ్జి పైలట్ అవుతానన్న రోజు అమ్మ ఒక్క మాటా అనలేదు, లేచి వెళ్ళి పడుకుంది. నాన్న మాత్రం అమ్మతో, "దాని మనసు విరవకే, నేను దగ్గరుండి చూస్తాగా," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే బుజ్జి ఇంతదూరం వచ్చింది.

"నాన్నా, రేపటిది కూడా వద్దంటే నా పని అయిపోయినట్టే. నాకింక ఓపిక లేదు," అంది.

ఆయన జేబులోంచి స్కూళ్ళ జాబితా తీసి నాలుగోదాన్ని కొట్టేశాడు.

ఐదో స్కూలు ఊరి చివర. షెడ్డు తలుపు తీయగానే బుజ్జి కళ్ళు మెరిశాయి. వరసగా ఆరు విమానాలు, పెళ్ళికూతుళ్ళలా తళతళలాడుతున్నాయి. నూనె చుక్క లేదు, గీత లేదు.

నాన్న గొంతుక్కూర్చుని ఒక్కో టైరునీ బొటనవేలితో తడిమాడు. ఇంజన్ల మీద అరచెయ్యి ఆనించాడు. పొగగొట్టాల దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. గంట పట్టింది. అంతసేపూ బుజ్జి ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడింది.

"ఇవాళ ఎవరూ ఎగరడం లేదేంటండీ?" అనడిగింది మేనేజరమ్మను.

ఆవిడ నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "గాలి ఉంది కదా తల్లీ. ఇలాంటప్పుడు తీయరు." లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఇక్కడే చేరు."

బుజ్జికి ప్రాణం లేచొచ్చింది. ఆయన మనసు మారేలోగా అన్నట్టు, చూపించిన చోటల్లా సంతకాలు గీకేసింది. హామీదారుగా నాన్న కూడా పెట్టాడు. సంతకం వంకర పోయింది. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడుస్తున్నావా నాన్నా?"

"ఎండమ్మా," అంటూ ఆయన బయటికి వెళ్ళిపోయాడు.

బుజ్జి ప్రవేశపత్రం చేతపట్టుకుని వెనకే పరుగెత్తింది. షెడ్డు గోడవార, అటు తిరిగి అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"దొరికిందే. సంతకాలూ అయిపోయాయి. ఇంక లేచి ఇంత తిను," అంటున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆరింటినీ ముట్టుకుని చూశాను."

అవతల అమ్మ ఏదో అడిగినట్టుంది.

"ఒక్కటీ ఎగరదు."