హంతకుడి గుసగుస

“ఒక్కసారి, సిన్యోర్ ఒరెస్తె. ఆ ఫోను సీను ఒక్కటి వెయ్యండి చాలు. మీ కాళ్లు పట్టుకుంటాను.”

నివెస్ అన్నంత పనీ చేసింది. ఫిల్ము డబ్బాల మధ్య, సిమెంటు నేల మీద మోకాళ్ల మీద కూలబడింది.

ఒరెస్తె కంగారుపడి ఆమె మోచెయ్యి పట్టుకుని లేపాడు. రోమ్‌లోని పిన్యేతో పేటలో, పాత సినిమా ప్రింట్లు దాచుకున్న తన నేలమాళిగకు పిచ్చి అభిమానులు రావడం ఆయనకు కొత్త కాదు. నల్ల తోలు గ్లవ్స్ తొడుక్కుని వచ్చి ఫొటోలు దిగినవాళ్లున్నారు. ప్లాస్టిక్ కత్తి మీద సంతకం పెట్టమని ప్రాణం తీసినవాళ్లున్నారు. కాళ్ల మీద పడిన మనిషి మాత్రం ఈమే మొదలు.

‘గాజు మిడత’ పాత హత్యల సినిమా. విడుదలైనప్పుడు రోమ్‌లో వారం కూడా ఆడలేదు. ఇప్పుడు దానికి దేశదేశాల్లో భక్తులున్నారు. దాని ఇటాలియన్ ప్రింటు ఒక్క ఒరెస్తె దగ్గరే మిగిలింది.

“డిస్కు వచ్చిందిగా సిన్యోరా. కొనుక్కుని ఇంట్లో చూసుకోండి. రంగులు నిన్న తీసినట్టున్నాయి.”

“కొన్నాను. అందులో గొంతులన్నీ కొత్తగా పెట్టారు. ఆ గుసగుస లేదు.”

మూల కూర్చుని కాఫీ తాగుతున్న తుల్లియో చప్పట్లు కొట్టాడు. అతను ట్రాము నడుపుతాడు. సెలవు రోజంతా ఇక్కడే పడుంటాడు.

“అబ్బో, అసలైన భక్తురాలే! ఆ గుసగుస ముందు ఎవడూ పనికిరాడు పెద్దాయనా. అది ఆ డాక్టరు వేషం వేసినవాడిదే. పందెం కాస్తావా?”

“నీ మొహం. వాడిది చిరిగిన డప్పు. అప్పట్లో మాటలన్నీ తరవాత స్టూడియోలో కలిపేవాళ్లురా. మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. పేర్లు వేస్తేగా తెలియడానికి.”

అభిమానుల మధ్య ఏళ్లుగా తెగని తగువు అది. ఆ సినిమాలో హంతకుడు ఫోను చేసి గుసగుసగా మాట్లాడతాడు. అది విన్నవాళ్లు ఇంట్లో ఫోను మోగితే ఎత్తడానికి జంకేవారు. ఆ గొంతు ఎవరిదో ఇంతవరకు తేలలేదు.

“ఆ గొంతు మాదే అంటూ ముసలాళ్లు వస్తుంటారు,” అన్నాడు ఒరెస్తె. “మెడపట్టి గెంటేస్తాను. కథలు చెబితే ప్రింటు వేస్తాననుకుంటారు వెధవలు.”

నివెస్ ఏదో అనబోయి మానుకుంది. ఇందాకటి నుంచి ఆమె వాళ్ల పెదవుల వైపే చూస్తోంది.

ఒరెస్తె గొంతు తగ్గించాడు. “వచ్చే నెల ఆర్కైవు వాళ్లు దీనికి కాపీ తీస్తారు. అప్పుడు రండి. ఈ ఫిల్ము ముడుచుకుపోయింది. వాసన చూడండి, ఒకటే వెనిగర్ కంపు. ఈ మిషన్లో పెడితే పళ్లకు చిక్కి చిరిగిపోతుంది.”

“వచ్చే నెలకు నేను వినలేను.”

“అంటే?”

“చెవి నరాల మీద గడ్డలు. ఎడమ చెవి కిందటేడే పోయింది. సోమవారం కుడివైపు కోస్తున్నారు. ప్రాణం దక్కుతుందన్నారు. వినికిడి దక్కదన్నారు.”

తుల్లియో కప్పు కింద పెట్టేశాడు.

ఒరెస్తెకు జాలితో పాటు చిరాకూ వచ్చింది. ఈ సినిమాల కోసం ఆయన బతుకంతా ధారపోశాడు, నిజమే. అయినా దేనికైనా ఒక హద్దుంటుంది.

“ఉన్న నాలుగు రోజులూ పిల్లల మాటలు వినండి సిన్యోరా. ఏ చర్చికో వెళ్లి మంచి పాట వినండి. పీకలు కోసేవాడి గుసగుస వింటూ కూర్చుంటారా? ఇదేం పిచ్చండీ!”

“పిల్లల మాటలు విన్నాను. పాటలూ విన్నాను. ఇదొక్కటే మిగిలింది. పిచ్చే అనుకోండి. మీరు కూడా కాదంటే నాకింక వెళ్లే చోటు లేదు.”

ఒరెస్తె తల అడ్డంగా ఊపాడు.

ఆమె కళ్లు తుడుచుకుని మెట్ల వైపు నడిచింది. కుర్చీలో మరిచిపోయిన చేతిసంచి చూసి తుల్లియో కేక వేశాడు. ఆమె ఆగలేదు. మళ్లీ వేశాడు. ఆమెకు వినపడనే లేదు.

ఒరెస్తె కాసేపు ఆ వీపు వైపే చూశాడు. తరవాత అరలోంచి ఒక డబ్బా దించాడు.

“ఏం చేస్తున్నావ్ పెద్దాయనా? నాశనమైపోతుంది!”

“నోరు మూసుకుని ఆవిణ్ణి పిలుచుకురా.”

తిరిగొచ్చిన నివెస్ తెర ముందు వేసిన కుర్చీలో కూర్చోలేదు. స్పీకరు పక్కన నేల మీద చతికిలబడి, కుడి చెవి దానికి ఆనించి కళ్లు మూసుకుంది.

“బొమ్మ చూడరా?”

“అక్కర్లేదు.”

రీలు తిరిగింది. రంగులన్నీ వెలిసి ఎర్రబారిపోయాయి. తెర మీద రాత్రి గౌనులో ఉన్న అమ్మాయి ఫోను ఎత్తింది. మిషన్లో ఫిల్ము పట్‌మని చిట్లింది. మళ్లీ చిట్లింది. ఒరెస్తె చెయ్యి స్విచ్చి మీదకు పోయింది.

అప్పుడు వినిపించింది, ఆడో మగో తెలియని ఆ గొంతు.

“తలుపు గడియ పెట్టుకోకు. నా పని అయిపోయింది. వచ్చేస్తున్నా. నిద్రపోయావా, చిట్టీ?”

తెర మీద అమ్మాయి గజగజ వణికింది. అన్నిసార్లు విన్నా తుల్లియోకు ఒళ్లు జలదరించింది. ఒరెస్తె చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది, నొక్కలేదు.

“ఇంకా లేదు అమ్మా, నువ్వొచ్చేదాకా నేను నిద్రపోనుగా,” అంటూ నివెస్ చిన్నపిల్లలా ఆ గొంతుకు జవాబిచ్చింది.