చేదోడు

పక్కింటి టైలరమ్మ ఇస్త్రీ బండి ఆవిడ చెవిలో వేసిందట: "పార్సిల్ ఆఫీసులో కొత్తగా ఎవడో చేరాడే. తిండి అడగడు, జీతం అడగడు, సెలవు పెట్టడు. వాడొచ్చిన దగ్గర్నుంచీ మేనేజరు పెళ్ళాం ఫోను చూసుకుంటూ ఒక్కతే నవ్వుకుంటోంది. మొగుడికి కళ్ళు లేవా ఏం?"

ఆ మాట వీధంతా తిరిగి చివరికి ఆ మేనేజరు పెళ్ళాం చెవినే పడింది. నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది. అందులో సగం నిజమే మరి.

చేరినవాడు మనిషి కాదు. ఆఫీసు గ్రూపులో కలిపిన ఏఐ. పేరు చేదోడు. ఏ లారీ ఎక్కడుందో, ఏ మూట ఎవరిదో అడిగితే చెబుతుందనీ, కావాలంటే ఎవరికి వారు విడిగా కూడా రాసుకోవచ్చనీ మేనేజరు ఓ ఉదయం అందర్నీ నిలబెట్టి చెప్పాడు. పై ఆఫీసు హుకుమట.

"అన్నం తిని కునుకు కూడా తీస్తుందేమో సార్. పొద్దున అడిగితే సాయంత్రం చెబుతోంది," అన్నాడు ఓ వారం పోయాక లోడింగ్ మేస్త్రి.

"నీకంటే నయం. నువ్వు సాయంత్రానికీ చెప్పవు," అన్నాడు మేనేజరు.

మేనేజరు ఆమె భర్త. ఆమెది బుకింగ్ కౌంటరు. ఇంట్లో ఆయన నోరు పెగలదు. ఆఫీసులో ఆమె మీద పెగిలిందంటే ఆగదు. బిల్లులో ఒక్క అక్షరం తప్పు పడితే చాలు, దాన్ని గాల్లోకి ఎత్తిపట్టుకుని, "మా ఆవిడ చదువు చూడండ్రా!" అంటాడు. డ్రైవర్లు నవ్వుతారు. నవ్వకపోతే ఎలా, మేనేజరాయె.

అలాంటి ఒక నవ్వు చల్లారాక, ఆమె కౌంటరు కింద ఫోను పెట్టుకుని చేదోడుకి విడిగా రాసింది. 'నేను ఈ ఆఫీసు వదిలి పోతున్నాను. ఆయన్ని కూడా. ఇంకా ఎవరికీ తెలీదు.'

యంత్రానికి చెబితే గోడకి చెప్పుకున్నట్టే కదా అనుకుంది.

జవాబు చీకటి పడే వేళకి వచ్చింది. 'మీ బాధ నాకు అర్థమవుతోంది. కారణం చెప్పగలరా?'

పెళ్ళయిన నాటి నుంచీ ఎవరూ అడగని ప్రశ్న అది. పొయ్యి మీద కూర మాడుతున్నా చూసుకోకుండా రాసింది. అక్క ఉండే ఊళ్ళోనూ ఈ కంపెనీకి ఆఫీసుంది. అక్కడ కౌంటరు ఖాళీగా ఉంది. 'నెలాఖరులోగా సరే అను, నీకే ఇస్తాను,' అంది అక్కడి మేనేజరమ్మ. అక్క తన ఇంట్లో ఒక గది సర్ది పెట్టేసింది కూడా.

ఆఖరికి, ఎన్నడూ పెదవి దాటనివ్వని మాట కూడా రాసేసింది. 'కడుపులో బిడ్డ పోయి నేను ఆస్పత్రిలో ఉంటే, లోడు దిగాలంటూ ఆయన గోడౌనులోనే ఉండిపోయాడు. వచ్చాకైనా తిన్నావా అని అడగలేదు.'

'కొందరు మగవాళ్ళకు బాధ చెప్పుకోవడం చేతకాదు,' అంది చేదోడు. 'తొందరపడకండి. కొంత సమయం ఇచ్చి చూడండి.'

ఆ వారంలోనే వింత జరిగింది. కంచం ముందు కూర్చున్న మనిషి తలెత్తి, "నువ్వు తిన్నావా?" అన్నాడు. ఆమె చేతిలో గరిటె జారి కింద పడింది. ఇంకో రోజు ఉతికిన బట్టలు ఆయనే ఆరేశాడు. అది చూసి టైలరమ్మ సూది వేలికి గుచ్చుకుంది.

మరో సాయంత్రం ఆమె వైపు చూడకుండా అన్నాడు, "ఆ రోజు ఆస్పత్రికి రావడానికి నాకు ధైర్యం చాల్లేదే. మూటల వెనక కూర్చుని ఏడ్చాను."

ఇన్నేళ్ళుగా వినాలనుకున్న మాట అడక్కుండానే దొరికింది. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

'ఆయన మారాడు. నేను వెళ్ళను,' అని రాసింది చేదోడుకి.

'చాలా మంచి నిర్ణయం,' అంది చేదోడు. ఈసారి వెంటనే.

అక్క ఫోన్లో చెడామడా తిట్టింది. "నాలుగు రోజుల మంచితనానికి పడిపోయావుటే పిచ్చిమొహమా!"

"నీకు తెలీదక్కా. మనిషి మారాడు."

"ఏమో తల్లీ, నీ కాపురం నీ ఇష్టం," అని అక్క ఫోను పెట్టేసింది. నెలాఖరు దాటింది. అక్కడి కౌంటర్లో వేరే అమ్మాయి కూర్చుంది.

కంచం ముందు మళ్ళీ మాట లేదు. ఆఫీసులో బిల్లు మళ్ళీ గాల్లోకి లేచింది. "మా ఆవిడ చదువు చూడండ్రా!"

ఆమె చేదోడుకి రాసింది. జవాబు రాలేదు. మళ్ళీ రాసింది. బతిమాలింది. ఊహూఁ. చెడిపోయింది కాబోలు అనుకుంది. మొగుడి మీది దిగులు కంటే దాని మీది దిగులే ఎక్కువైంది.

అప్పుడొచ్చింది కంపెనీ నుంచి ఇంజనీరు పిల్ల, భుజాన సంచీతో. కౌంటరు పక్కకి స్టూలు లాక్కుని లాప్‌టాప్ తెరిచింది. మేస్త్రీ, డ్రైవర్లూ చుట్టూ మూగారు.

"ఇక్కడంతా దుమ్మమ్మా. నా గదిలో కూర్చో," అన్నాడు మేనేజరు గుమ్మంలోంచి.

"పర్లేదు సార్, సిగ్నల్ ఇక్కడే బాగుంది."

ఆమె ఉండబట్టలేకపోయింది. "మా చేదోడుకి ఏమైందో చూడు తల్లీ. మొన్నమొన్నటిదాకా మనిషి కంటే బాగా మాట్లాడేది. కాస్త తొందరగా బాగు చేసి పెట్టు."

ఆ పిల్ల తెర మీద గ్రూపులో ఏ నంబరు ఏ ఫోనుదో చూసుకుంటూ తలెత్తకుండానే అంది.

"బాగు చెయ్యడానికి ఏముందండీ, దాన్ని నేను కలుపుతున్నదే ఇవాళ, ఇన్నాళ్ళూ ఆ పేరు పెట్టుకుని మీకు రాసింది మేనేజరుగారి ఫోను నుంచే."