ఎదురు కొట్టులో వాటా

ఊళ్ళో గిరాకీ పడిపోయినా పై దేశంలో పెట్టిన డబ్బు కాపాడుతుందని, మండపేట టైలర్ సత్తిరాజు దాచుకున్నదంతా పోర్చుగల్ కంపెనీ ఒకదాని వాటాల్లో పెట్టాడు. అప్పట్నుంచి మిషన్ తొక్కుతూనే ఫోన్లో యూరో రేటు చూసుకుంటున్నాడు. ఆ కంపెనీ ఏం చేస్తుందో మాత్రం అడగాలని తోచలేదు.

ఏడాది తిరక్కుండా అది ఆయన కొట్టుకు ఎదురుగానే కుట్టు బూత్ తెరిచింది. లోపల చేతులు చాపి నిలబడితే చాలు, ఒంటిమీదే చొక్కా కుట్టేస్తుంది. తన పాత గిరాకీలు అందులోకి వెళ్తుంటే సత్తిరాజు మిషన్ ఆపి అటే చూసేవాడు. జేబులో ఫోన్ మాత్రం లాభం వచ్చిందని మోగేది.

"మన కంపెనీయేగా. మీ చొక్కా కూడా అక్కడే కుట్టించుకోండి, ఆ లాభమూ మనకే," అంది భార్య వీరవేణి.

సబబుగానే తోచి వెళ్లాడు. పచ్చటి వెలుగు ఆయన చుట్టూ ఒకసారి తిరిగింది. బూత్ మర్యాదగా అడిగింది.

"ఇప్పుడు వేసుకున్నది ఎవరు కుట్టారండీ? చంక దగ్గర పట్టేసింది, కాలరు ఓ పక్కకి పోయింది."

సత్తిరాజు మెడలోని టేపు మెల్లగా లాగి జేబులో కుక్కుకున్నాడు.

"ఎవడో లెండి," అన్నాడు. "యూరో రేటు చూసుకుంటూ కుట్టుంటాడు."