తాబేలు పట్టని కలుగు

చెరువు గట్టు మీద ఆ రోజు ఏం చూశారో దాచకుండా చెప్పండి. తనిఖీకి వచ్చిన తాబేలు, పందికొక్కు అతిథులకు విడిదిగా ఇచ్చే కలుగు బయటే నిలబడి, దారులు రెండున్నాయని రాసుకోవడం చూశారా, లేదా?

"లోపలికి వెళ్లి చూడు మామా," అంది ముసలి కుందేలు. మునుపు ఒకే దారి ఉన్న ఇలాంటి విడిదిలోనే, వరదకు దాని పిల్లలు నలుగురూ పోయారు. విడిదికి రెండు దారులుండాలన్న నియమం అది అడవంతా తిరిగి, పోరాడి తెచ్చిందే.

"నా డిప్ప పట్టదమ్మా!"

"ఈ ముసలమ్మకు చాదస్తం," అని పందికొక్కు నవ్వింది. వెనక దారి నిండా అది వేరుశనగలు కుక్కి దాచుకుంది.

చెరువు చూడవచ్చిన చిట్టెలుకల కుటుంబం అందులో దిగింది. కుందేలు వద్దంటే, "తనిఖీ అయిందట కదవ్వా," అన్నాయి.

మూడోనాడు వాన దంచికొట్టింది. ముందు దారిలో నీళ్లు దూకాయి. వెనక దారిని కుందేలు గోళ్లు ఊడేదాకా తవ్వింది. వేరుశనగలే వచ్చాయి. లోపలి కీచుమనే అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"వానాకాలం వాటినెవరు రమ్మన్నారు?" అంది, నీళ్లు తీశాక వచ్చిన తాబేలు. పందికొక్కు అప్పటికే లోపల కొత్త గడ్డి పరుస్తోంది.

నియమం కోసం పోరాడిన కుందేలు ఇప్పుడిక దేనికోసం పోరాడాలి, మీరే చెప్పండి?