ఎండుకట్టె

“కరెంటు ఏడ పట్టింది?” అడిగాడు ఇంటికొచ్చిన ఊరి డాక్టర్ ఫరీద్.

“చేతికి, సాబ్.”

“మరి వీపు గింత వాచిందేంది?”

పర్శరాములు భార్య గౌరవ్వ వైపు చూశాడు. గాలివానకు తెగిన కరెంటు తీగ ఇనుప దండెం మీద పడింది. లుంగీ తీయబోయి అతను అతుక్కుపోతే, గౌరవ్వ ఎండుకట్టెతో కొట్టి విడిపించింది.

“మొదటి దెబ్బకే ఇడిసింది సాబ్. అయినా కొడుతనే ఉంది!”

“నువ్వు మొత్తుకుంటనే ఉంటివి. ఇంకా ఇడువలేదేమో అనుకున్న.”

“కొడుతుంటే మొత్తుకోనా?”

ఫరీద్ నవ్వుతూ సూది తీశాడు.

గౌరవ్వ ఆ కట్టెను పక్కనే పెట్టుకుని, ఆకుల చాట ముందుకు లాక్కుని బీడీ చుట్టబోయింది. చేతులు వణికి ఆకు చిరిగింది. ఇంకొకటి తీసింది. అదీ చిరిగింది.

పర్శరాములు ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాడు.

“సాబ్, సూది ముందు ఆమెకెయ్యుండ్రి,” అన్నాడు. “కానీ ఆ కట్టె జెర అవతల పెట్టినంక.”