పడవెక్కని చరణం

"దానికి ఇంకో చరణం ఉంది నాయనా."

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన అన్నాడు.

మఖ్లూఫ్ తల ఎత్తలేదు. సిసిలీకి ఎదుటి ఒడ్డున ఉన్న మహ్దియా రేవు వెనక సందులో పుస్తకాలు రాసి అమ్ముకునే మనిషి అతను. ఇబ్న్ సమ్మాన్ పద్యాల పుస్తకంలో చివరి పుట రాస్తున్నాడు, రాసిందల్లా పైకి చదువుకుంటూ. సాయంత్రపు అసర్ నమాజు కాగానే ఖల్ఫూన్ పడవ సిసిలీకి బయల్దేరుతుంది. చలికాలం ముందు అదే ఆఖరి పడవ. పుస్తకం అందులో వెళ్ళాలి.

"దేనికి?" అన్నాడు మఖ్లూఫ్.

"ఇప్పుడు చదివావే, తలుపు పద్యం. దానికి."

తలుపు పద్యం తెలియనివాళ్ళు ఆ సముద్రానికి రెండు ఒడ్డుల్లోనూ లేరు. సిసిలీ పరాయి రాజు చేతికి పోయినప్పుడు, భార్యని అక్కడి పలెర్మోలో వదిలి పడవెక్కుతూ ఇబ్న్ సమ్మాన్ కట్టినది. 'తలుపు గడియ వేయకు, నిమ్మలు పండేసరికి వస్తాను' అని ముగుస్తుంది.

నిమ్మలు ముప్ఫైసార్లు పండాయి. కవి రాలేదు. జనం మాత్రం ఆ పద్యాన్ని పెళ్ళిళ్ళలో పాడుకుంటున్నారు.

"ముగిసినదానికి తోకెందుకు తాతా?"

"ముగియలేదు. విను."

ముసలాయన కళ్ళు మూసుకుని చెప్పాడు.

'నిమ్మలు చూసి నన్ను తలుచుకో, నా కోసం చూడకు. గాలి చల్లగా ఉంది, గడియ వేసుకుని పడుకో.'

కలం ఆగింది. చరణం నిక్షేపంగా ఉంది. ఛందస్సు ఎక్కడా తప్పలేదు.

"ఎవరి దగ్గర విన్నావు?"



"ఎవరి దగ్గరా వినలేదు."

"మరి ఎలా తెలిసింది? కలలోకొచ్చిందా?"

"తెలుసు. అంతే."

మఖ్లూఫ్ మళ్ళీ కలం సిరాలో ముంచాడు.

పద్యం మీద వరస రాయాలి. నేను ఫలానా వాడి నోట విన్నాను, అతను ఫలానా వాడి నోట విన్నాడు, అలా కవి దాకా. వరస లేనిది దొంగ చరణం. పోయినేడు మొహమాటానికి అలాంటివి రెండు చేర్చినందుకు మసీదు ముంగిట్లో, నలుగురూ చూస్తుండగా అతని పుస్తకం చింపారు. ఆ ముక్కలు అతనే ఏరుకున్నాడు.

"వరస లేందే రాయను. వెళ్ళు."

"పలెర్మోలో ఆవిడ ఇప్పటికీ గడియ వేసుకోదట నాయనా. పడవవాళ్ళు చెప్పారు. ఒంటరి మనిషి. వీధిలో సిపాయిలు తిరుగుతుంటారు."

"ఆవిడ నీకేమవుతుంది?"

"ఆ వీధివాణ్ణి. ఇప్పుడు ఇక్కడ వలలు బాగుచేసుకుంటున్నా." గొంతు తగ్గించాడు. "కొత్త పుస్తకం వెళ్తే అక్కడ శుక్రవారం మసీదు వాకిట్లో పైకి చదువుతారు. ఆవిడ చెవిన పడుతుంది. ఒక్క చరణమే కదా."

"అంత అవసరమైతే ఆయనే రాసి పంపడా? సెవిల్ పట్నంలో రాజు పక్కన పట్టుబట్టలేసుకుని కూర్చున్నాడు. నీతో కబురు పెట్టే ఖర్మ ఆయనకేం?"

"సెవిల్‌లోనా? ఎవరన్నారు?"

"లోకమంతా అంటుంది."

"పలెర్మోలో కూడా అదే అనుకుంటున్నారా?"

"అక్కడే ఇంకా గొప్పగా చెప్పుకుంటారు."

ముసలాయన తన చేతులు చూసుకున్నాడు. తాళ్ళు కోసిన గీతల్లో ఉప్పు తెల్లగా పేరుకుంది.

"అయితే బాగానే ఉన్నాడన్నమాట" అన్నాడు మెల్లగా. "అలాగే ఉండనీ."

చరణం మాట మళ్ళీ ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

మఖ్లూఫ్ పుస్తకం మూట కట్టి రేవుకి పోయేసరికి ఖల్ఫూన్ కేకలేస్తున్నాడు.

"ఏంటయ్యా, పద్యాలు నువ్వే కట్టి తెస్తున్నావా ఏంటి? గాలి తిరిగింది, నా పడవ నీ కోసం కూర్చుంటుందా?"

పడవ కదిలింది. ముసలాయన రేవు గట్టున నిలబడి ఉన్నాడు. తెరచాప కనుమరుగయ్యేదాకా నిలబడే ఉన్నాడు. ఆ తర్వాత వలలవాళ్ళ బండి వెనకాల దక్షిణం వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఏ ఊరికని ఎవరూ అడగలేదు.

పొద్దు వాలుతుండగా మఖ్లూఫ్ భార్య ఉమైమా వేయించిన చేపలు, బార్లీ రొట్టె ముందు పెట్టింది. తింటూ మధ్యాహ్నపు ముసలాయన సంగతి నవ్వులాటగా చెప్పాడు.

ఆమె నవ్వలేదు.

"ఏదీ, ఆ చరణం ఇంకోసారి చెప్పు."

చెప్పాడు. ఒక్క మాట పోకుండా గుర్తుంది.

"రాస్తే నీ సొమ్మేం పోయింది? ఆ మహాతల్లి గడియ వేసుకునేది కదయ్యా."

"నీకు తెలీదు ఊరుకో. వరస అనేది ఒకటేడ్చింది. తలుపు పద్యం నేను అనస్ దగ్గర విన్నాను. అనస్ వాళ్ళ మేనమామ దగ్గర విన్నాడు."

"మేనమామ?"

"ఆయన ఇబ్న్ సమ్మాన్ నోటే విన్నాడు, పడవ మీద."

"మరి ఇబ్న్ సమ్మాన్ ఎవరి దగ్గర విన్నాడు?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. కట్టినవాడే ఆయన. ఆయన ఎవరి దగ్గరా విన..."

రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి సరిగ్గా ఆ మాటే అన్న మనిషిని, తను కూర్చోమని కూడా అనలేదు.