చివరి ప్యాడ్

డ్రమ్మరు స్టేజీ మీద మోకాళ్లపై కూర్చుని వైర్లు బిగిస్తున్నాడు.

ఎలక్ట్రానిక్ డ్రమ్స్ అంటే చూసేవాళ్లకు స్టాండుకు బిగించిన రబ్బరు ప్యాడ్లు, అంతే. వాటి ప్రాణమంతా పక్కన తగిలించిన చిన్న డబ్బాలో ఉంటుంది. ప్యాడ్ మీద కర్ర పడగానే ఏ చప్పుడు రావాలో ఆ డబ్బా చెబుతుంది. ఒక్క వైరు మారినా పెద్ద డ్రమ్ము మోగాల్సిన చోట గంట మోగి పరువు పోతుంది. అందుకే వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వడు.

ప్రోగ్రాం సాయంత్రం. జనం ఇంకా రాలేదు.

చివరి ప్యాడ్‌కు వైరు పెట్టి ఒకసారి కొట్టి చూశాడు.

మూత మీద గరిటె పడ్డట్టు ఠంగుమంది. వెంటనే ఒక ఆడగొంతు, కోపంలో సగం నవ్వు కలిపి, "ఇక చాల్లేరా, ఇల్లు పీకి పందిరేస్తున్నావు" అంది.

కుర్చీలు వేస్తున్నవాళ్లు పని ఆపి నవ్వారు.

ఆ గొంతుతోనే ఈ ట్రూపుకు పేరొచ్చింది. ఆఖరి పాటలో డ్రమ్స్ హోరెత్తిపోతుండగా అతను ఆ ప్యాడ్ కొడతాడు. ఆ తల్లెవరో కసురుతుంది. వాయిద్యాలన్నీ ఠక్కున ఆగిపోతాయి. ఇక ఈలలే ఈలలు. ఈసారి పిలిచినవాళ్లయితే అది లేకపోతే అసలు రావద్దన్నారు.

ఆవిడెవరో అతనికీ తెలియదు. డబ్బాను పాత వాయిద్యాల షాపులో కొన్నప్పుడే గొంతు అందులో ఉంది. అడిగినవాళ్లకు మాత్రం స్టూడియోలో ఆర్టిస్టును పెట్టి చేయించానని కోతలు కోస్తుంటాడు.

దానికి కాపీ కూడా తీసి పెట్టలేదు. కాపీ ఉంటే ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడని భయం. ఇదివరకు ఇంకో ట్రూపువాళ్లు అతని చప్పుడొకటి ఫోన్లో పట్టుకెళ్లి దర్జాగా వాడుకున్నారు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

తలెత్తేసరికి స్టేజీ ముందు ఒకావిడ నిలబడి ఉంది.

యాభై దాటిన మనిషి. గేటు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది. ఎండ మండిపోతున్నా మెడకు స్కార్ఫు చుట్టుకుంది. కళ్లు చివరి ప్యాడ్ మీదే ఉన్నాయి.

"ఏం కావాలమ్మా?"

ఆవిడ ప్యాడ్‌ను చూపించి, వేలితో గాలిలో ఒకసారి కొట్టింది.

"సాయంత్రం వింటారుగా. వెళ్లండి."

ఆవిడ వెళ్లలేదు. మెట్లెక్కి పైకే వచ్చింది. సంచిలోంచి ఫోన్ తీసి, ఏదో టైపు చేసి, అతని ముఖం ముందుకు చాచింది.

డ్రమ్మరుకు ఒళ్లు మండింది. అందులో ఏముందో చూడకుండానే, చప్పుడు పట్టుకెళ్లడానికేననుకుని అరచెయ్యి ఫోనుకు అడ్డం పెట్టాడు.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

ఆవిడ వేలు మళ్లీ ప్యాడ్ వైపే చూపించింది.

"నోరు విప్పరేం?"

ఆవిడ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మళ్లీ ఫోన్ ముందుకు చాచింది.

పెద్దావిడ ఆశపడుతోంది, ఒక్కసారి కొడితే పోయేదేముందని కీబోర్డు వాయించే అతను అన్నాడు. దొంగల మీద జాలేమిటని డ్రమ్మరు అతన్నీ కసిరి, గార్డును కేకేశాడు.

గార్డు చెయ్యి పట్టుకోబోతే ఆవిడే వెనక్కి తగ్గి దిగింది. చివరి మెట్టు దగ్గర ఆగింది. ఇప్పుడైనా కొడతాడేమోనని ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడింది.

అతను ఆవిడకు కనబడేలా వాల్యూమ్ పూర్తిగా తగ్గించేశాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

తర్వాత జెనరేటరు మార్చేటప్పుడు కరెంటు పోయి వచ్చింది. డబ్బా స్క్రీను నిండా గీతలు. వాల్యూమ్ పెంచి ఏ ప్యాడ్ కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడు. ఆపి మళ్లీ వేశాడు. అవతల జనం కుర్చీల్లోకి వచ్చేస్తున్నారు. ఇక డబ్బాలో దాచినవన్నీ చెరిపేసే రీసెట్ ఒక్కటే దారి.

"కాపీ ఉందిగా?" కీబోర్డు అతను అడిగాడు.

డ్రమ్మరు రీసెట్ బటన్లు రెండూ కలిపి నొక్కాడు.

ప్యాడ్లన్నీ బతికాయి. కంపెనీవాళ్లు మొదట్లో పెట్టిన చప్పుళ్లన్నీ తిరిగొచ్చాయి. భయపడుతూనే చివరి ప్యాడ్ కొట్టాడు.

ప్యాడ్‌లోంచి చప్పట్ల చప్పుడు వచ్చింది, అంతే.

ఒకటికి రెండుసార్లు కొట్టాడు, మళ్లీ చప్పట్లే. కాసేపటికి అతనికి చిన్న ఆశ పుట్టింది. చప్పుడు పోతే పోయింది, ఆ గొంతున్న మనిషి ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా. షాపాయనకు ఫోన్ చేశాడు.

"అన్నా, నీ దగ్గర కొన్న డబ్బాలో కొడుకును కసిరే గొంతుండేదే, ఆవిడెవరో తెలుసా?"

తెలుసన్నాడు షాపాయన. వాళ్లబ్బాయి ఇంట్లో మూత వాయిస్తూ రికార్డు చేసుకుంటుంటే వంటింట్లోంచి అరిచిందట. ఆ పిల్లవాడు అది చెరపకుండా ముచ్చటగా దాచుకున్నాడట. అతను చనిపోయాకే డబ్బా షాపుకు వచ్చింది.

"ఆవిడ ఉందిగా? ఎక్కడుందో చెప్పన్నా, ఇప్పుడే కారు పంపిస్తాను. మైకు ముందు ఆ ఒక్క మాట అంటే చాలు, కాళ్లు పట్టుకుంటాను."

అవతల షాపాయన నిట్టూర్చాడు.

"మాటెక్కడిదిరా, నిరుడు గొంతుకు ఆపరేషనైనప్పుడే పోయింది. తన గొంతు ఎలా ఉండేదో తనకే గుర్తు రావడం లేదు, నీ దగ్గర ఒక్కసారి ఫోన్లో పట్టుకుంటానని టైపు చేసి చూపిస్తే నేనే నీ దగ్గరికి పంపాను. మెడకు స్కార్ఫు చుట్టుకుని ఉంటుంది, అక్కడే ఉంటుంది చూడు."